గాలి పీల్చేటప్పుడు ముక్కును చూడాలి

సంపాదకులకు నమస్కారాలు.

మీ పత్రిక ఆరోగ్య పుటలో ముక్కు దిబ్బడ గురించి వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. అలర్జీ గురించి, దుమ్ము, పొగ వంటి కారణాల గురించి అందులో రాసినదంతా ఉపయోగపడేదే. అయితే వ్యాసం చివర, మందులతో తగ్గకపోతే ముక్కు లోపలి దూలం వంకరగా ఉందని అర్థమనీ, స్కానింగ్ తీయించుకుని ఆపరేషన్ చేయించుకుంటే సమస్య తీరిపోతుందనీ ఒక వాక్యం ఉంది. సరిగ్గా ఆ మాటే నమ్మి నేను నాలుగేళ్లు నష్టపోయాను. దాన్ని చూసీ చూడనట్టు వదిలేయడానికి మనసొప్పక ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను వైద్యురాలిని కాను, రోజంతా తరగతి గదిలో మాట్లాడే ఉపాధ్యాయురాలిని. ముక్కుకు రెండుసార్లు శస్త్రచికిత్స చేయించుకున్నాను. మొదటిదానికీ రెండోదానికీ మధ్య నాలుగేళ్లు గడిచాయి. ఆ తర్వాత వైద్యులను అడిగీ, దొరికినదల్లా చదివీ తెలుసుకున్న విషయాలను మీ పాఠకులకు చెప్పాలన్నది నా కోరిక.

నా అభ్యంతరం ఏమిటో ముందే చెబుతాను. ముక్కు మూసుకుపోతోందని మనిషి చెప్పేది తన బాధను మాత్రమే. ఆ బాధ ముక్కులో ఏ చోట పుడుతున్నదో, అక్కడ గోడ వంకరగా ఉందో, కండ వాచిందో, పక్క గోడ బలహీనపడిందో తేల్చవలసింది పరీక్ష చేసేవారు. ఆ తేల్చే పని ఫిల్ము చూసి ముగించేది కాదు. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, గాలి పీల్చుతుండగా ముక్కును చూడాలి. నా విషయంలో మొదటిసారి ఆ పని ఎవరూ చేయలేదు.

ముక్కు లోపలి నిర్మాణం గురించి నాలుగు మాటలు చెప్పకపోతే మిగతాది బోధపడదు. రెండు దారులను విడదీసే నడిమి గోడను మనం దూలం అంటున్నాం, వైద్యులు సెప్టమ్ అంటారు. దాని ముందు భాగం మృదులాస్థి, వెనక భాగం ఎముక. అది పూర్తిగా నిటారుగా ఉన్నవారు తక్కువే. ఎంతో కొంత వంకర చాలామందిలో ఉంటుంది, వారిలో ఎక్కువమందికి ఆ సంగతి జీవితాంతం తెలియను కూడా తెలియదు. ఇక పక్క గోడల నుంచి దారిలోకి పొడుచుకొచ్చే టర్బినేట్లు ఉన్నాయి. లోపల సన్నటి ఎముక, పైన రక్తంతో ఉబ్బి తగ్గే మెత్తటి పొర. పీల్చిన గాలిని వెచ్చబరచి, తేమ చేర్చి, దుమ్మును పట్టి ఉంచే పనిలో వీటిదే పెద్ద వంతు. ‘ముక్కులో కండ పెరిగింది’ అని జనం అనేది చాలాసార్లు వీటి గురించే, కొన్నిసార్లు మాత్రం పాలిప్స్ గురించి, అంటే లోపలి పొర ఉబ్బి వేలాడే మెత్తటి బుడిపెల గురించి. రెండూ వేరువేరు సంగతులు, రెండింటి చికిత్సా వేరు.

మూడోదాని పేరు నేను ముప్పయ్యయిదేళ్లు వచ్చేదాకా వినలేదు. ముక్కు రంధ్రానికి కాస్త పైన, దూలానికీ పక్క మృదులాస్థికీ నడుమ ఒక సన్నటి సందు ఉంటుంది. దాన్ని నేసల్ వాల్వ్ అంటారు. మింక్ అనే వైద్యుడు 1903లోనే దీన్ని వర్ణించారు. సన్నటి ముక్కుల్లో ఆ సందు కోణం 10 నుంచి 15 డిగ్రీలే. శ్వాసమార్గం మొత్తంలో గాలికి ఎదురయ్యే నిరోధంలో సుమారు సగం ముక్కులోనే ఉంటుంది, అందులోనూ అధిక భాగం ఈ ఇరుకు చోట ఉంటుంది. గొట్టంలో సుడులు లేకుండా పారే గాలికి, గొట్టం వ్యాసార్థం సగానికి తగ్గితే నిరోధం 16 రెట్లు పెరుగుతుందని భౌతికశాస్త్రం చెబుతుంది. ముక్కు నున్నటి గొట్టం కాదు కాబట్టి ఆ లెక్క ఇక్కడ అచ్చంగా కుదరదు. అయినా వాల్వు దగ్గర ఒక్క మిల్లీమీటరు తేడా మనిషికి ఎందుకంత భారంగా తోస్తుందో, దూలం వెనక భాగంలో అంతకంటే పెద్ద వంకర ఉన్నా కొందరికి ఏమీ అనిపించకపోవడానికి కారణమేమిటో దీన్నిబట్టి ఊహించవచ్చు. ఇంకో సంగతీ ఉంది. ఇరుకు చోట గాలి వేగం పెరుగుతుంది, వేగం పెరిగిన చోట పీడనం తగ్గుతుంది. పక్క గోడ గట్టిగా ఉంటే ఆ లాగుడును తట్టుకుంటుంది, బలహీనంగా ఉంటే లోపలికి ముడుచుకుపోతుంది. ఎంత గట్టిగా పీలిస్తే అంత గట్టిగా మూసుకుపోయే ముక్కు ఇదే.

నాది అచ్చంగా అలాంటి ముక్కు. మెట్లెక్కేటప్పుడు, పాఠం గట్టిగా చదివేటప్పుడు, పరుగెత్తేటప్పుడు కుడివైపు ఠక్కున మూసుకుపోయేది. రాత్రి నోరు తెరుచుకుని పడుకోవడం వల్ల తెల్లవారేసరికి నాలుక ఎండి అంగిలికి అంటుకుని ఉండేది. మొదటిసారి వెళ్లిన చోట నా మాటలు సగం విని స్కానింగ్ తీయించారు. ఫిల్మును వెలుతురుకు పెట్టి, దూలం కుడికి వంగి ఉందని వేలితో చూపించారు. వంగిన మాట నిజమే, అది నా కంటికే కనబడింది. శస్త్రచికిత్స జరిగింది, దూలం నిటారుగా వచ్చింది, పుండు చక్కగా మానింది. మూడు నెలల తర్వాత మెట్లెక్కితే కుడివైపు మళ్లీ ఠక్కున మూసుకుంది. ఆ సంగతి చెప్పుకోవడానికి వెళ్తే లోపల చూసి, దారి బాగా తెరుచుకుని ఉందనీ, ఇక మిగిలింది నా మనసులోని బెంగ మాత్రమేననీ అన్నారు. ఆ మాట నన్ను ఆపరేషన్ నొప్పికంటే ఎక్కువ బాధించింది. ఆ తర్వాత నాలుగేళ్లు నేను మళ్లీ ఎవరికీ చూపించుకోలేదు. తప్పు నాలోనే ఉందేమోనని నమ్మడం మొదలుపెట్టాను.

రెండోసారి నన్ను చూసిన ఈఎన్‌టీ వైద్యురాలు నా పాత ఫిల్ములను పక్కన పెట్టేశారు. ఏ పరికరమూ ముట్టుకోకుండా ఎదురుగా కూర్చుని, ‘మామూలుగా పీల్చండి’ అన్నారు. కాసేపటికి ‘ఇప్పుడు గట్టిగా పీల్చండి’ అన్నారు. అద్దం చేతికిచ్చి నన్నూ చూడమన్నారు. ముక్కు పక్క భాగం కుడివైపున సొట్టపడినట్టు లోపలికి పోవడం నా కళ్లతో నేను మొదటిసారి చూశాను. అన్నేళ్లు నా ముఖం మీదే ఉన్న కారణం అది. ఆవిడ నా చెంపను పక్కకు లాగి పీల్చమన్నారు, గాలి బాగా వచ్చింది. దీన్ని కాటిల్ పరీక్ష అంటారట. అయితే ఏ కారణంతో మూసుకున్న ముక్కయినా చెంప లాగితే కొంత తెరుచుకుంటుంది కాబట్టి దీన్నిబట్టి తీర్పు చెప్పలేమని ఆవిడే అన్నారు. తర్వాత మొన మొద్దుగా ఉన్న సన్నటి పుల్లలాంటి పరికరాన్ని రంధ్రంలోకి పంపి, పక్క మృదులాస్థిని కొద్దిగా, సాగదీయకుండా, కేవలం పడిపోకుండా ఆనించి పట్టుకున్నారు. చోటు మారుస్తూ ప్రతి చోటా పీల్చి చెప్పమన్నారు. ఒకచోట ఆనించగానే కుడివైపు నుంచి చల్లటి గాలి గొంతుదాకా దిగింది. చివరిసారి అలా ఎప్పుడు పీల్చానో నాకు గుర్తులేదు. కుర్చీలో కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఏడ్చేశాను. అయిదు నిమిషాలు కూడా పట్టని పరీక్ష అది, దానికి యంత్రం అక్కర్లేదు.

మంచి పరీక్షకు ఒక వరుస ఉంటుందని ఆ తర్వాత తెలిసింది. ముందు అడగవలసిన ప్రశ్న: మూసుకుపోవడం ఒక పక్కేనా, పక్కలు మారుతోందా? ముక్కు రెండు దారుల్లో ఒకటి ఉబ్బి ఇంకొకటి తెరుచుకోవడం, కొన్ని గంటల తర్వాత అవి తారుమారు కావడం ఆరోగ్యవంతుల్లోనూ జరిగేదే. కైసర్ అనే వైద్యుడు 1895లో దీన్ని వర్ణించారు. పక్కలు మారుతూ వచ్చే దిబ్బడ ఎక్కువగా పొర వాపువల్ల వస్తుంది. ఎప్పుడూ ఒకే పక్క, ఏ కాలంలోనైనా అలాగే ఉంటే అది నిర్మాణంలో లోపం కావచ్చు. తర్వాత దీపం వెలుగులో ముందు నుంచి చూడాలి. అది కూడా మొదట పరికరంతో రంధ్రాన్ని వెడల్పు చేయకుండానే చూడాలి, ఎందుకంటే పరికరం పెట్టిన మరుక్షణం బలహీనమైన వాల్వు తెరుచుకుపోయి లోపం కనబడకుండా పోతుంది. నా మొదటి పరీక్షలో జరిగింది ఇదే అయి ఉంటుందని ఇప్పుడు అనుకుంటున్నాను. ఆపైన ఎండోస్కోపుతో, అంటే లోపలికి పంపి చూసే సన్నటి దుర్బిణితో, వెనక దాకా చూడాలి. దూలం వెనక భాగంలోని ఎముక ముల్లు, పాలిప్స్, ముక్కు వెనక ఉండే అడినాయిడ్ కణజాలం, అరుదుగా గడ్డలు ముందు నుంచి చూస్తే కనిపించవు.

పొరను కుదించే జైలోమెటాజోలిన్ లాంటి చుక్కలు వేసి, కాసేపాగి మళ్లీ చూడటం ఇంకో మంచి పద్ధతి. చుక్కలతో దారి బాగా తెరుచుకుని మనిషికి హాయిగా అనిపిస్తే బాధలో ఎక్కువ భాగం వాపుది, అప్పుడు మందులకు లొంగే అవకాశం ఉంటుంది. చుక్కలు వేసినా ఏ మార్పూ లేకపోతే ఎముకనో, మృదులాస్థినో, వాల్వునో అనుమానించాలి. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి, అందుకే ఈ తూకం అవసరం.

స్కానింగ్ గురించి మీ వ్యాసం ఇచ్చిన సలహాతోనే నాకు ఎక్కువ పేచీ. సీటీ స్కాన్ ఒక క్షణానిది. పడుకున్న మనిషి ముక్కు ఆ క్షణంలో ఎలా ఉందో చూపిస్తుంది. గట్టిగా పీల్చినప్పుడు గోడ ముడుచుకోవడం అందులో కనిపించదు, ఆ వేళ ఏ పక్క ఉబ్బి ఉందన్నదాన్నిబట్టి టర్బినేట్ల పరిమాణం కూడా మారుతుంది. సైనసుల జబ్బు, పాలిప్స్, గడ్డ ఉన్నాయన్న అనుమానం కలిగితే స్కాన్ తప్పనిసరి. కేవలం దూలం వంకరను నిర్ధారించడానికి మాత్రం కళ్లతో, ఎండోస్కోపుతో చేసే పరీక్ష చాలు. పైగా ఫిల్ములో వంకర కనిపించడం వల్ల ఒక ప్రమాదం ఉంది. చాలామందిలో ఉండే ఆ వంకర కంటపడగానే వెతుకులాట అక్కడితో ఆగిపోతుంది.

బాధను కొలవడానికి ఒక సులువైన సాధనం ఉంది. నోస్ స్కేల్ అనే ఈ ప్రశ్నావళిని 2004లో ప్రచురించారు. గడిచిన నెల రోజుల్లో ముక్కు బిగుసుకుపోవడం, అడ్డుపడినట్టుండటం, ముక్కుతో గాలి తీసుకోవడానికి కష్టపడటం, నిద్ర చెడటం, శ్రమపడినప్పుడు గాలి చాలకపోవడం అనే అయిదింటికి ఒక్కోదానికి 0 నుంచి 4 దాకా అంకె వేసుకుని, మొత్తాన్ని 5తో హెచ్చిస్తే నూటికి ఎంతో వస్తుంది. రెండో శస్త్రచికిత్సకు ముందు నాకు 75 వచ్చింది. మొదటిదానికి ముందు, తర్వాత కూడా ఈ అయిదు ప్రశ్నలు ఎవరైనా అడిగి రాసిపెట్టి ఉంటే, బెంగ అనే మాట వచ్చేది కాదు.

గాలి ఒత్తిడినీ ప్రవాహాన్నీ కలిపి కొలిచే రైనోమానోమెట్రీ, ధ్వని తరంగాలతో లోపలి వైశాల్యాన్ని లెక్కగట్టే అకౌస్టిక్ రైనోమెట్రీ కూడా ఉన్నాయి. అవి ఇచ్చే అంకెలకూ, మనిషి చెప్పే బాధకూ పొంతన తరచుగా బలహీనంగానే ఉంటుంది. దీనికి ఆసక్తికరమైన కారణం ఒకటుంది. గాలి ధారాళంగా వస్తోందన్న భావన మనకు ప్రధానంగా లోపలి పొర మీద కలిగే చల్లదనం నుంచి వస్తుంది. ఆ చల్లదనాన్ని పసిగట్టే గ్రాహకాలు అక్కడి నరాల్లో ఉన్నాయి. మెంథాల్ వాసన పీలిస్తే ముక్కు తెరుచుకున్నట్టనిపించేది వాటిని ఉత్తేజపరచడం వల్లనే. నిజానికి అప్పుడు దారి ఒక్క వెంట్రుకవాసి కూడా వెడల్పు కాదు. కాబట్టి లోపల దారి ఖాళీగా కనిపించినంత మాత్రాన గాలి ఆడటం లేదనే మనిషిని అబద్ధాలకోరుగా చూడటం న్యాయం కాదు. టర్బినేట్లను అతిగా కోసేసిన కొందరిలో దారి విశాలంగా ఉండి కూడా ఊపిరాడనట్టు ఉండే బాధ మిగులుతుంది. దాన్ని ఖాళీ ముక్కు సిండ్రోమ్ అంటారు. దాన్ని సరిచేయడం చాలా కష్టం.

నిర్మాణ లోపమేనని తొందరపడి అనుకోకూడని సందర్భాలనూ మీ వ్యాసంలో ప్రస్తావించి ఉండవలసింది. పెద్దవారిలో కొత్తగా ఒక పక్క మాత్రమే మూసుకుపోయి, ఆ పక్క నుంచి రక్తమో, రక్తం కలిసిన చీమిడో వస్తుంటే గడ్డ లేదని తేలేదాకా ఊరుకోకూడదు. కౌమారంలో ఉన్న మగపిల్లల్లో ఒక పక్క దిబ్బడ, మాటిమాటికీ ముక్కు నుంచి రక్తం రెండూ ఉంటే రక్తనాళాలతో నిండిన ఒక రకం గడ్డ ఉండవచ్చు. దాన్ని తెలియక ముక్క కోసి పరీక్షకు పంపబోతే ప్రాణాపాయంగా రక్తం పోతుంది. చిన్నపిల్లల్లో ఒక పక్క నుంచి దుర్వాసనతో చీమిడి కారుతుంటే ముక్కులో ఏదో వస్తువు ఇరుక్కుని ఉందనే అనుకోవాలి. అది బొత్తాం బ్యాటరీ అయితే గంటల్లోనే దూలాన్ని కాల్చేస్తుంది కాబట్టి అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నవజాత శిశువులు దాదాపు పూర్తిగా ముక్కుతోనే ఊపిరి తీసుకుంటారు. రెండు దారుల వెనకభాగం పుట్టుకతోనే మూసుకుని ఉన్న బిడ్డ నీలంగా మారడం, ఏడ్చినప్పుడు తిరిగి ఎర్రబడటం అరుదైనదే కానీ అత్యవసరమైన స్థితి.

ఇక చికిత్స. అలర్జీ వాపు తోడుగా ఉన్నవారిలో ముందు స్టెరాయిడ్ స్ప్రే, ఉప్పునీటి కడుగుడు వాడి చూడటం సరైనదే, ఇక్కడ మీ వ్యాసంతో నాకు భేదం లేదు. కాని స్ప్రే రెండు రోజులు వాడి పనిచేయలేదని మానేసేవారే ఎక్కువ. దాని ఫలితం పూర్తిగా తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. కొట్టేటప్పుడు కుడి ముక్కుకు ఎడమ చేయి, ఎడమ ముక్కుకు కుడి చేయి వాడితే మందు దూలం మీద కాక బయటి గోడ మీద పడుతుంది, రక్తం కారడమూ తగ్గుతుంది. ఉప్పునీటికి కాచి చల్లార్చిన నీళ్లో, డిస్టిల్డ్ నీళ్లో మాత్రమే వాడాలి. శుద్ధి చేయని నీటిని ముక్కులోకి పంపితే మెదడుకు సోకే అమీబా వల్ల, చాలా అరుదుగానే అయినా, ప్రాణం పోయిన సందర్భాలు ఉన్నాయి. దిబ్బడ చుక్కలను మాత్రం కొద్ది రోజులకు మించి వాడకూడదు. అలా వాడితే చుక్కలు మానినప్పుడల్లా వాపు ఇంకా పెరిగి, చుక్క లేనిదే నిద్ర పట్టని స్థితికి వస్తుంది. వంకర దూలం ఉన్నవారు ఏళ్ల తరబడి చుక్కల మీద బతకడం నేను మా సహోద్యోగుల్లోనే చూశాను. మందులు దూలాన్ని నిటారు చేయలేవు, పక్క గోడకు బలం ఇవ్వలేవు. ఎన్ని నెలలని అదే స్ప్రేను తిరగరాస్తూ పోవడం?

శస్త్రచికిత్స మీద నాకు విముఖత ఉందని దయచేసి అనుకోవద్దు. సరైన మనిషికి సరైన శస్త్రచికిత్స ఎంత మేలు చేస్తుందో చెప్పే గట్టి ఆధారాలు ఈ మధ్యే వచ్చాయి. నెదర్లాండ్స్‌లో 203 మంది పెద్దలను చీటీ వేసినట్టు యాదృచ్ఛికంగా రెండు జట్లు చేసి, ఒక జట్టుకు దూలం సరిచేసే సెప్టోప్లాస్టీ, ఇంకో జట్టుకు శస్త్రచికిత్స లేని వైద్యం ఇచ్చారు. శస్త్రచికిత్స జట్టు స్పష్టంగా మెరుగ్గా ఉందని 2019లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. బ్రిటన్‌లో 378 మంది మీద జరిగిన అలాంటి పరీక్ష ఫలితాలు 2023లో బీఎంజే పత్రికలో వచ్చాయి. ముక్కు బాధలను 0 నుంచి 110 వరకు కొలిచే ప్రశ్నావళిలో ఆరు నెలల తర్వాత శస్త్రచికిత్స జట్టు సగటు 19.9, స్ప్రేలు వాడిన జట్టు సగటు 39.5. అంకె తగ్గేకొద్దీ బాధ తక్కువ. అయితే ఇందులో గమనించవలసినది, బ్రిటన్ పరీక్షలోకి నోస్ స్కేల్‌పై 30కి పైగా వచ్చినవారినే తీసుకున్నారు. బాధ లేని వంకరను సరిచేయడం గురించి ఆ పరీక్ష చెప్పేదేమీ లేదు. ‘ఎలాగూ వంకర ఉంది కదా, తీసేద్దాం’ అనడానికి దాన్ని ఆధారం చేసుకోకూడదు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఫ్రీర్, కిలియన్ అనే వైద్యులు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో పొరల మధ్య నుంచి దూలాన్ని చాలావరకు తొలగించేవారు. కొందరికి ముక్కు కుంగిపోయేది, దూలానికి చిల్లు పడేది. ఇప్పుడు వంకరను తీసి మిగతాదాన్ని నిలపడానికే చూస్తున్నారు. ముక్కును నిలబెట్టే మృదులాస్థి చట్రాన్ని పైనా ముందూ కనీసం ఒక సెంటీమీటరు వెడల్పున వదిలేస్తారు. రక్తస్రావం, ఇన్ఫెక్షన్, చిల్లు, లోపలి పొరలు ఒకదానికొకటి అతుక్కోవడం, పైపళ్ల దగ్గర కొంతకాలం తిమ్మిరి, వాసనలో మార్పు వంటివి ఇప్పటికీ సాధ్యమే. దిబ్బడ మిగిలిపోవడం వీటన్నింటికంటే ముందు చెప్పవలసినది, సంతకం తీసుకునే కాగితంలో దాన్నే నేను చూడలేదు. టర్బినేట్ల విషయంలో పై పొరను కాపాడుతూ లోపలి కణజాలాన్ని మాత్రమే తగ్గించే పద్ధతులు ఉన్నాయి. ఎంత తీస్తారు, ఏ పద్ధతిలో తీస్తారు అని అడిగే హక్కు రోగికి ఉంది. దూలం సరిచేస్తే స్లీప్ ఆప్నియా పోతుందని కొందరు ఆశపెడతారు. ముక్కు దారి తెరిస్తే, నిద్రలో మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే సీప్యాప్ యంత్రాన్ని ఓర్చుకోవడం తేలికవుతుంది, నిద్ర కొంత బాగుపడుతుంది, కాని నిద్రలో ఊపిరి ఆగే జబ్బు సాధారణంగా దానితో నయం కాదు.

వాల్వు లోపానికి దారి వేరు. ముక్కు మీద అతికించుకునే సాగుడు పట్టీలు రాత్రిపూట కొందరికి చాలినంత ఉపశమనం ఇస్తాయి, పరీక్షగానూ ఉపయోగపడతాయి. పట్టీ పెట్టుకోగానే హాయిగా ఉంటే వాల్వు మీద అనుమానం బలపడుతుంది. శస్త్రచికిత్సలో, దూలం నుంచే తీసిన సన్నటి మృదులాస్థి పలకలను దూలానికీ పక్క మృదులాస్థికీ మధ్య అమర్చి ఆ కోణాన్ని తెరుస్తారు, లేదా పడిపోయే పక్క గోడకు ఆనుగా పెడతారు. నా మొదటి శస్త్రచికిత్సలో తీసేసిన మృదులాస్థి అప్పటికే పారవేసి ఉండటంతో నాకు చెవి నుంచి తీయవలసి వచ్చింది. మొదటే వాల్వును చూసి ఉంటే ఒకే శస్త్రచికిత్సలో, ఆ మృదులాస్థితోనే రెండు పనులూ అయిపోయేవి. చెవి వెనక మచ్చ చిన్నదే. ఇప్పుడు నా స్కోరు 20. చలికాలంలో ఇంకా కొంత ఇబ్బంది ఉంది. మెట్లు మాత్రం నోరు మూసుకునే ఎక్కుతున్నాను.

ఇంకొక్క విషయం మీ ఆరోగ్య పుటలో పెద్ద అక్షరాలతో అచ్చువేయమని కోరుతున్నాను. నా దూలం పుట్టుకతో వంకర కాదు. తొమ్మిదో ఏట ఆటలో బంతి ముక్కుకు తగిలింది. రక్తం ఆగింది, ముక్కు విరగలేదన్నారు, ఇంటికి పంపించేశారు. ఎవరూ లోపల చూడలేదు. దెబ్బ తగిలినప్పుడు దూలం పొర కింద రక్తం గడ్డకట్టి నిలిచిపోవచ్చు. మృదులాస్థికి సొంతంగా రక్తనాళాలు లేవు, దాన్ని కప్పి ఉండే పొర నుంచే పోషణ అందుతుంది. ఆ పొరను రక్తం పైకి లేపేస్తే మృదులాస్థి రెండు మూడు రోజుల్లోనే చచ్చిపోవచ్చు, చీము పట్టవచ్చు, ముక్కు కుంగిపోవచ్చు. దెబ్బ తర్వాత రెండు పక్కలా బిగుసుకుపోవడం, లోపల దూలానికి ఆనుకుని ఎర్రగానో ఊదారంగులోనో మెత్తటి ఉబ్బు కనిపించడం దాని గుర్తులు. వెంటనే కోత పెట్టి రక్తం తీసేస్తే దూలం నిలుస్తుంది. నాకు అప్పుడు జరిగింది అదేనని ఇన్నేళ్ల తర్వాత ఎవరూ నిర్ధారించలేరు. కానీ ఆ రోజు దీపం వేసి ఒక్కసారి చూసి ఉండవలసింది.

గత సంవత్సరం మా బడి ఆటస్థలంలో ఒక పిల్లవాడికి మోచేయి ముక్కుకు తగిలింది. రక్తం ఆగాక వాడు మళ్లీ ఆటకు వెళ్లబోయాడు. నేను వాణ్ణి ఆపి, చేతిదీపంతో రెండు రంధ్రాల్లోకీ చూసి, లోపల ఉబ్బుగా అనిపించి, తల్లిదండ్రులను పిలిపించి ఆ సాయంత్రమే ఈఎన్‌టీ వైద్యుల దగ్గరకు పంపాను. గడ్డకట్టిన రక్తాన్ని ఆ రాత్రే తీసేశారు. పిల్లవాడు ఇప్పుడు ఆరో తరగతిలో ఉన్నాడు. మొన్న పాఠం చదవమంటే ఒక పేజీ మొత్తం మధ్యలో ఆగకుండా చదివాడు.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయురాలు, మీ పాఠకురాలు